మా పాప ఎడమ కంటికి పని నేర్పిన ఏడాది

బడిలో తల్లిదండ్రుల మీటింగు ఉంది, అక్కడ చదవడానికి ఒక్క పేజీ రాసుకుని రమ్మన్నారు సుభాషిణి టీచర్. ఒక్క పేజీతో ఆగడం నా వల్ల కాదని ఆమెకూ తెలుసు. నా పేరు రమణమ్మ. జువ్వలదిన్నె రేవులో చేపలు కొని కావలి మార్కెట్లో అమ్ముతాను. పదో తరగతి దాకా చదివాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ లెక్కన మా ఊరు ఏనాడూ బాగుపడి ఉండకూడదు. ఇప్పుడు గండం గడిచింది కాబట్టి నవ్వుతూ రాస్తున్నాను. గడవక ముందు నా ఎదుట ఎవరైనా నవ్వి ఉంటే గంప తీసి నెత్తిన బోర్లించేదాన్ని.

ఇది మా పాప పూజిత కళ్ళ సంగతి. పాపకు ఏడేళ్ళు, రెండో తరగతి.

వేట తెరిచిన వారం

చేపల వేట మీద రెండు నెలల నిషేధం ముగిశాక జూన్‌లో బోట్లు మళ్ళీ సముద్రంలోకి దిగుతాయి. బడి కూడా ఇంచుమించు అప్పుడే తెరుస్తారు. ఆ ఏడాది మా బడికి కొత్తగా బదిలీ మీద వచ్చారు సుభాషిణి టీచర్. రోజూ కావలి నుంచి స్కూటీ మీద వస్తారు. మనిషి చిన్నగా, గొంతు ఇంకా చిన్నగా ఉంటుంది. ఈమె మా పిల్లల్ని ఏం అదుపు చేస్తుందిలే అనుకున్నాను.

మా రేవులో ఒక పద్ధతి ఉంది. పొద్దున బోట్లు తిరిగొచ్చే వేళకు ఆడవాళ్ళమంతా గంపలు పట్టుకుని ఒడ్డున నిలబడతాం. వచ్చేది ఎవరి బోటో ముందు కనిపెట్టిన వాళ్ళు ముందు పరుగెత్తి మంచి సరుకు దగ్గర చోటు పట్టుకుంటారు. ఈ పనిలో మా పూజితను కొట్టినవాళ్ళు లేరు. బోటు ఇంకా ఆవగింజంత ఉండగానే "నాయనది" అనో, "పోలయ్య మామది" అనో చెప్పేసేది. ఒక్కసారీ తప్పలేదు. నేను పరుగెత్తేదాన్ని, మిగతా వాళ్ళు నన్ను తిట్టుకుంటూ వెనక వచ్చేవాళ్ళు. "మా పాపవి గద్ద కళ్ళు" అని మా ఆయన శీనయ్య ఊరంతా దండోరా వేశాడు.

ఆ గద్ద కళ్ళ పిల్లే ఇంట్లో మంచినీళ్ళ బిందెను తన్నేది. ఎండబెట్టిన చేపల మీదుగా నడిచిపోయేది. పిలిస్తే నా వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ "ఆఁ" అనేది. నాకది పొగరనిపించేది. "చూపు యాడ పెట్టుకోనుండావే" అని వీపు మీద రెండు వేసేదాన్ని. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఇది చదివే తల్లుల్లో కనీసం ఒక్కరి చెయ్యైనా ఆగుతుందేమోనని.

బడి తెరిచిన పది రోజులకు టీచర్ నన్ను గేటు దగ్గర ఆపారు. నెత్తి మీద గంప, గంపలో కరిగిపోతున్న ఐసు.

"రమణమ్మా, పూజితకు బోర్డు కనపడడం లేదు. కంటి డాక్టరుకు చూపించండి."

"ఏంది టీచర్, మా పాపకా? సముద్రం మీద బోటును గుర్తు పట్టే పిల్లకి మీ బోర్డు ఆనదా? మీ రాత ఎట్ట ఉండాదో ముందు మీరు చూసుకోండి."

ఆమెకు కోపం రాలేదు. సంచిలోంచి పాప నోటు పుస్తకం తీసి రెండు పేజీలు చూపించారు. టీచర్ నోటితో చెప్పి రాయించిన పేజీలో ఒక్క తప్పు లేదు. బోర్డు మీద చూసి రాయమన్న పేజీలో కూడా తప్పుల్లేవు. కాకపోతే పైన పేరు రాయాల్సిన చోట "మౌనిక" అని ఉంది. పక్కన కూర్చునే పిల్ల పుస్తకంలో ఏది ఉంటే అది, పేరుతో సహా దించేసింది మా తల్లి.

"కాపీ కొడతా ఉండాదా! నాలుగు తగిలించండి టీచర్, నేనేమీ అనుకోను."

"కొట్టాల్సిన పని కాదమ్మా. బోర్డు వైపు చూసేటప్పుడు కళ్ళు చికిలిస్తుంది, తల పక్కకు తిప్పుతుంది. పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుతుంది. బంతి విసిరితే ఒంటికి తగిలాకే చేతులు చాపుతుంది. పది రోజులుగా చూస్తున్నాను."

పదేళ్ళుగా కాపురం చేస్తున్న ఇల్లు, ఏడేళ్ళుగా పెంచుతున్న పిల్ల. పది రోజులు చూసిన మనిషి నాకు చెప్పడమా అని ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయనకు ఇంకా మండింది.

"రమ్మను ఆ టీచర్ని, ఒడ్డుకి రమ్మను. మా పాప చూపేందో ఆమె కళ్ళతోనే చూసి పోనీ."

ఒడ్డున పరీక్ష

ఆదివారం పొద్దున్నే ఆమె నిజంగానే వచ్చారు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని ఇసుకలో నడిచి వచ్చారు. మా వీధి సగం అక్కడే ఉంది. మా అత్త కోటమ్మ ముందు వరుసలో పీట వేసుకుని కూర్చుంది.

మొదటి బోటు కనపడింది. "పోలయ్య మామది" అంది పూజిత. అదే అయింది. రెండోది వచ్చింది. చెప్పింది, అదీ సరిపోయింది. జనం ఈలలు వేశారు. మా ఆయన మీసం దువ్వుకున్నాడు. నేను టీచర్ ముఖం వైపు చూశాను, ఎంత చిన్నబోయిందో చూద్దామని. ఆమె సముద్రం వైపు చూడడమే లేదు. మా పాప వైపే చూస్తున్నారు.

"పూజితా, ఈసారి రెండు చెవుల్లో వేళ్ళు గట్టిగా పెట్టుకో. నేను నీ భుజం తట్టినప్పుడు బోటు ఎవరిదో చెప్పాలి" అన్నారు.

పాప చెవులు మూసుకుంది. మూడో బోటు వచ్చింది. బోటు మీద ఎర్ర జెండా నాక్కూడా కనపడుతోంది. టీచర్ భుజం తట్టారు. పాప నోరు విప్పలేదు. మళ్ళీ తట్టారు. పాప విసుగ్గా వేళ్ళు తీసేసింది.

"చెవులు మూసుకుంటే ఎట్ట తెలస్తాది టీచర్? నాయన ఇంజను దగ్గతా వస్తాది, పోలయ్య మామది గుర్రు పెడతాది. ఇనకుండా ఎట్ట చెప్పేది?"

"బోటు కనపడటం లేదా?"

"అంత దూరం ఎవరికైనా కనపడతాదా? అందరూ ఇనే గదా చెప్పేది!"

ఈలలు ఆగిపోయాయి. వచ్చింది మా ఆయన బోటే, ఆ ఒక్క రోజుకూ దాన్ని ఆయన తమ్ముడు నడుపుతున్నాడు. మా ఆయన మీసం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఈ పిల్ల ఇన్నేళ్ళూ లోకమంటే ఇంతే మసక అనుకుంది. అందరికీ ఇలాగే ఉంటుందనుకుని నోరెత్తలేదు. చూడమని నేను కొడుతుంటే, ఎలా చూడాలో తెలియక దెబ్బలు తింది.

చేప తలకాయల పక్షం

వెంటనే ఆసుపత్రికి పోయామనుకుంటున్నారా? అంత బుద్ధి ఉంటే ఈ రాత ఒక్క పేజీలో అయిపోయేది.

"మా వంశంలో కళ్ళజోడు పెట్టినోళ్ళు లేరు. బలం చాలక ఇట్టయింది. పదిహేను దినాలు నా చేతికియ్యి" అంది మా అత్త. కంటికి చేప కన్ను మంచిదని ఆమె సిద్ధాంతం. రోజూ చేప తలకాయల పులుసు. తలకాయలో కళ్ళు పాపకే. పొన్నగంటి కూర ఒక పూట, మునగాకు ఒక పూట, పొద్దుగూకేసరికి దిష్టి. మా ఆయనేమో, వేట తెరిచినాక ఆసుపత్రుల చుట్టూ తిరిగేదెవరు అని నసిగాడు. నాకు ఉన్నది ఒక్కటే భయం, నిజం తెలుస్తుందని. అందుకే నేనూ గట్టిగా అనలేదు.

పన్నెండో రోజు మా అత్త కంట్లో వేయడానికి ఉల్లిరసం తీసింది. పాప వీధిలోకి పారిపోయింది. నేను టీచర్‌కు ఫోన్ చేశాను. అంత చిన్న గొంతులోంచి అంత పెద్ద కేక వస్తుందని నాకు తెలియదు.

"కంట్లో ఒక్క చుక్క పడడానికి వీల్లేదు! తల్లివి నువ్వా, ఆ ఉల్లిపాయా? రేపు పొద్దున మొదటి బస్సుకు నెల్లూరు బయల్దేరండి. నేనూ వస్తున్నాను."

అంతవరకూ నన్ను 'మీరు' అన్న మనిషి ఒక్కసారిగా 'నువ్వు' అనేసరికి నాకు ధైర్యం వచ్చింది. మన మనిషైతే గదా అలా తిడుతుంది.

నెల్లూరు ఆసుపత్రి

కంటి ఆసుపత్రి హాల్లో వరసగా బెంచీలు, బెంచీల నిండా కళ్ళు మూసుకున్న జనం. ఏవో చుక్కలు వేసి, తెరవొద్దని చెప్పి కూర్చోబెడతారు. టీచర్ సెలవు పెట్టుకుని మాతో వచ్చారు. మా ఆయన వేట మానుకుని వచ్చాడు. ఎవరూ పిలవకపోయినా మా అత్తా వచ్చింది, దారిలో పాపకు ఆకలేస్తుందని వేపుడు చేపల టిఫిను క్యారియర్ తెచ్చింది. ఆమె మూత తీయగానే హాలంతా కదిలింది. "యాడో వంజరం ఏపతా ఉండారు" అన్నాడు కళ్ళు మూసుకున్న ఒక పెద్దాయన. "వంజరం కాదు, మాగ" అంది ఇంకో బెంచీ మీది ఆమె, ఆమె కళ్ళూ మూతలే. నర్సు పరుగెత్తుకొచ్చింది. తిట్టింది. తర్వాత ఎవరూ చూడకుండా ఒక ముక్క తీసుకుంది. అక్కడ చూడగలిగిన వాళ్ళు ఎలాగూ తక్కువే. ఆ నర్సే చివరిదాకా మాకు దారి చూపించింది.

అంతకు ముందు అక్షరాల చార్టు దగ్గర ఇంకో ముచ్చట. పూజితను కూర్చోబెట్టి కుడి కన్ను మూసి చదవమన్నారు. గడగడా చదివేసింది. నా ప్రాణం లేచి వచ్చింది. చార్టు దగ్గర నిలబడ్డ అబ్బాయి మాత్రం తల గోక్కున్నాడు. "నేనింకా ఆ వరస చూపించలేదు పాపా" అన్నాడు. తనకంటే ముందు పోయిన ఆరుగురు చదువుతుంటే విని కంఠతా పట్టేసింది. చార్టు మార్చారు. ఈసారి కుడి కంటితో మూడు వరసలు చదివింది. ఎడమ కంటితో మొదటి పెద్ద అక్షరం దగ్గరే ఆగిపోయింది.

డాక్టరమ్మ మాకు మామూలు మాటల్లోనే చెప్పింది. రెండు కళ్ళకూ దూరపు చూపు తక్కువ, ఎడమ కంటికి మరీ తక్కువ. అందువల్ల పనంతా కుడి కన్నే చేస్తోంది, ఎడమ కన్ను చూడడమే మానేసింది.

"అంటే మా మరిది మాదిరి. అన్న సంపాదిస్తా ఉంటే కూర్చోని తింటా ఉండాది" అన్నాను.

"సరిగ్గా అంతే" అంది డాక్టరమ్మ. మా ఆయన నన్ను గుర్రుగా చూశాడు. "కళ్ళజోడు పెట్టి, రోజుకు కొన్ని గంటలు కుడి కంటికి పట్టీ వేయాలి. అప్పుడు ఎడమ కన్ను తప్పనిసరిగా పని చేస్తుంది. చిన్న వయసులోనే ఇది తేలిక. ఇంకా ముందే తెచ్చి ఉండాల్సింది. ఇప్పుడూ ఆశ ఉంది. ఇంకా ఆలస్యం చేస్తే ఆ కంటికి ఎంత మంచి అద్దం పెట్టినా చూపు రాకపోవచ్చు."

"వస్తాదా అమ్మా? వస్తాదని ఒక మాట చెప్పండి" అన్నాడు మా ఆయన.

"ప్రయత్నం చేద్దాం. మాట మాత్రం ఇవ్వలేను."

తిరుగు బస్సులో మేము ముగ్గురం మూడు సీట్లలో కూర్చున్నాం. నేను ఆయన్ని, ఆయన వాళ్ళమ్మను, ఆమె నన్ను మనసులో తిట్టుకుంటూ వచ్చాం. టీచర్ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పొడుపు కథలు చెప్పారు.

వినాయక చవితి ముందు

కళ్ళజోడు వచ్చిన రోజు పాపను ఒడ్డుకు తీసుకుపోయాం. అది చాలాసేపు సముద్రం వైపు చూసింది. "నాయనా, ఆ చివర గీత గీసినట్టుండాది, అదేంది?" అని అడిగింది. ఆకాశం నీళ్ళను తాకే చోటది. సముద్రం పక్కనే పుట్టిన పిల్ల దాన్ని మొదటిసారి చూసింది. రోజూ ఆ గీత దాటి పోయి వచ్చే మా ఆయన ఇసుకలో కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడడం అదే మొదలు.

పట్టీతో అసలు యుద్ధం మొదలైంది. బాగా కనపడే కన్ను మూసి, కనపడని కంటితో తిరగమంటే ఏ పిల్ల ఒప్పుకుంటుంది? నేను అంటించడం, అది పీకడం. అది పీకకపోతే "బిడ్డ అల్లాడతా ఉండాదిమే" అని మా అత్త పీకడం. మంచం కోడుకు ఒకటి, టీవీ వెనక ఒకటి దొరికాయి. ఒకరోజు మా మేక నుదుట పట్టీతో వీధిలో తిరిగింది. బడిలో పిల్లలు "ఒంటికన్ను, ఒంటికన్ను" అని వెంటపడ్డారు. అందరికంటే ఎక్కువ అరిచింది ఎవరనుకున్నారు? ఏ పిల్ల పుస్తకంలో మా పాప కాపీ కొట్టిందో ఆ మౌనికే. పూజిత బడికి పోనని గుంజ పట్టుకుంది.

టీచర్ పిల్లల్ని ఒక్క మాట తిట్టలేదు. ఆసుపత్రి నుంచి ఒక చార్టు తెప్పించి గోడకు కట్టి, బడిలో ఉన్న పిల్లలందరికీ ఒక్కొక్క కన్ను మూసి పరీక్ష పెట్టారు. పూజితను పక్కన నిలబెట్టుకుని, ఎవరి ఏ కన్ను మూయాలో దాని చేత చెప్పించారు. ముగ్గురికి చూపు సరిగ్గా లేదని బయటపడింది. అందులో మౌనిక ఒకతి. ఇన్నాళ్ళూ మౌనిక తన ముందు కూర్చునే పిల్ల పుస్తకంలో చూసి రాస్తోందట. మా పాప దించింది దించిన దాన్నే అన్నమాట. ఆ తర్వాత ఒంటికన్ను మాట వినపడలేదు.

పట్టీ గంటలు మధ్యాహ్నం బడిలోనే జరిగేలా టీచర్ తన మీద వేసుకున్నారు. పాపను ముందు వరసలో కూర్చోబెట్టారు. బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాసేవారు. అది ఒక్క మా పాప కోసమే కాదు, వెనక వాళ్ళకూ పనికొచ్చింది. రోజూ పొద్దున కళ్ళజోడు అద్దాలు తన కొంగుతో తుడిచేవారు. ఇంట్లో ఏదైనా సన్నటి పని చేయించండి, దగ్గరగా చూసి చేసేది, అని కబురు చేశారు.

"వల కుట్టే దానికంటే సన్నపని ఏముండాది?" అంది మా అత్త. చేప తలకాయలు ఓడిపోయాక ఆమెకు ఇంట్లో పరపతి తగ్గింది, అందుకే ఈ పని మీద పడింది. అరుగు మీద మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చిరిగిన వల పరిచి, ముడి వేయడం నేర్పింది. పట్టీ పీకే చెయ్యి ఇప్పుడు పట్టీకి కాపలా కాసింది. ఒకసారి మా ఆయన ఆ వల వేసి ఖాళీగా వచ్చాడు. పాప వేసిన ముడులు సగం ఊడిపోయి, చేపలన్నీ మర్యాదగా బయటికి పోయాయట.

"నీ కూతురు బోటెడు చేపల్ని బతికించింది, పుణ్యంలే" అంది మా అత్త.

తుపాను రోజులు

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. బడికి సెలవులు, రోడ్ల మీద నీళ్ళు. టీచర్ రాలేరు. ఇల్లు కురుస్తుంటే గిన్నెలు పెట్టడమే సరిపోయింది, పట్టీ ఎవరికి గుర్తుంటుంది? పట్టీలు తడిసి అంటుకోలేదు కూడా. చూపించుకోవాల్సిన తేదీ దాటిపోయింది. పదిహేను రోజులు ఆలస్యంగా పోతే డాక్టరమ్మ పరీక్ష చేసి పెదవి విరిచింది. ఎడమ కన్ను ఒక్క వరస కూడా కిందికి దిగలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి నేనూ మా ఆయనా పోట్లాడుకున్నట్టు పెళ్ళైనప్పటి నుంచి ఎప్పుడూ పోట్లాడుకోలేదు. నీ అశ్రద్ధ అంటే నీ అశ్రద్ధ అనుకున్నాం. మూల కూర్చున్న పాప లేచి, తనంతట తనే పట్టీ తీసుకుని కుడి కంటికి అంటించుకుంది. "నేను కట్టుకుంటాలే, మీరు అరుచుకోబాకండి" అంది. నాకు ఆ పూట అన్నం దిగలేదు.

వాన తగ్గగానే టీచర్ స్కూటీని బురదలో తోసుకుంటూ వచ్చారు. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. "ఏడ్చింది చాల్లే. ఇవాళ పట్టీ ఎన్ని గంటలకు వేశారు?" అని అడిగారు. ఆ రోజు నుంచి సెలవు రోజుల్లో కూడా మధ్యాహ్నం ఫోన్ మోగేది. "వేశారా?" అంతే, ఇంకో మాట ఉండేది కాదు.

మళ్ళీ వేట ఆగిన వేళ

ఏప్రిల్‌లో బోట్లు ఒడ్డుకెక్కాక నెల్లూరు పోయాం, నేనూ పాపా మాత్రమే. మా ఆయన రానన్నాడు. భయమని చెప్పుకోలేక బోటుకు రంగు వేయాలన్నాడు. లోపల డాక్టరమ్మ పాప కుడి కన్ను మూసి, మళ్ళీ విని కంఠతా పట్టిందేమోనని రెండు చార్టులు మార్చి అడిగింది.

నాలుగు వరసలు దిగింది ఎడమ కన్ను. ఐదో వరసలో తడబడింది, ఆరోది రాలేదు. "మొత్తం వచ్చిందని చెప్పను. కానీ ఈ కన్ను పని నేర్చుకుంది. ఇంకొన్ని నెలలు ఆపకండి" అంది డాక్టరమ్మ. నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. నా చేతులకు చేపల వాసన పోదు, ఆమె ఏమీ అనుకోలేదు.

బస్టాండులో జనం కిటకిటలాడుతున్నారు. ఆపరేషన్ చేయించుకున్నాడేమో, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక తాత మా దగ్గరకొచ్చి పాపను అడిగాడు.

"పాపా, నాకు ఆనడంలా. ఆ వచ్చే బస్సు ఏ ఊరిదో చూడు తల్లీ."

పూజిత ఎవరూ చెప్పకుండానే అరచేత్తో కుడి కన్ను మూసుకుంది. బోర్డు వైపు తల ఎత్తింది. ఎడమ కన్ను అటూ ఇటూ వెతికింది. బోర్డు నాకు ఎప్పుడో కనపడింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు, కండక్టరు విజిలు వేస్తున్నాడు, ఆ బస్సు పోతే ఇంకో గంట దాకా లేదు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. తాత కూడా తొందర పెట్టలేదు.

"కా... వ..." అంది పాప. కాసేపు ఆగింది. "లి. కావలి పోతాది తాతా. ఎక్కు."

మేము ఎక్కాల్సిందీ అదే. తాతను ముందు ఎక్కించి నేను కాలు ఎత్తాను. కళ్ళ నిండా నీళ్ళు, మెట్టు ఎక్కడుందో నాకు కనపడలేదు. పాప నా చెయ్యి పట్టుకుని పైకి లాగింది.